పర్యావరణం పాడైతే జనం నిజంగా దేశాలు దాటుతున్నారా?

నీటిచుక్క:
ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే మాట, "2050 నాటికి 20 కోట్ల మంది సరిహద్దుల మీద పడతారు" అని. ఇంకో పక్క, ఇదంతా ఉత్త హడావుడి, జనం ఎప్పుడూ డబ్బు కోసమే వలస పోతారు అనేవాళ్లు. ఈ రెంటి మధ్య నిజం ఎక్కడుందో నాకు తేలట్లేదు. నేల చౌడుబారడం, చేపలు పోవడం, బావులు ఎండిపోవడం, సముద్రం మీదికి రావడం, వీటివల్ల ఒక దేశం వాళ్లు ఇంకో దేశానికి వెళ్లడం ఎంతవరకు జరుగుతోంది? తెలిసినవాళ్లు దేశాల పేర్లతో సహా చెప్పండి. లింకులు పడేసి పోకండి ప్లీజ్, మీ మాటల్లో రాయండి.

లెక్కలమాస్టారు:
ముందు ఆ 20 కోట్ల సంగతి తేల్చేద్దాం. లేకపోతే చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అది 1990లలో నార్మన్ మైయర్స్ అనే బ్రిటిష్ పర్యావరణవేత్త వేసిన అంచనా. ప్రమాదం ఉన్న ప్రాంతాల్లో ముందు ముందు ఎంతమంది ఉంటారో చూసి, వాళ్లలో చాలామంది కదిలిపోతారనుకుని కట్టిన లెక్క. జనం గట్టు పోసుకుంటారు, పంట మారుస్తారు, ఇంట్లో ఒకణ్ణి పట్నం పంపి మిగతావాళ్లు అక్కడే ఉండిపోతారు, ఇలాంటివి అందులో సరిగా లేవు. వలసల మీద పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆ లెక్కను ఎప్పుడో పక్కన పెట్టారు. పేపర్లవాళ్లే ఇంకా పెట్టలేదు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది ప్రపంచ బ్యాంకు 2021 నాటి అంచనా. ఆరు ప్రాంతాల్లో కలిపి 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా కదలొచ్చని అంది. కానీ అది సొంత దేశంలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేవాళ్ల లెక్క. హెడ్‌లైన్‌లో ఆ ముక్క ఎగిరిపోతుంది. ఉద్గారాలు తగ్గించి, అభివృద్ధిని సరైన దారిలో పెడితే ఈ అంకె 80 శాతం దాకా తగ్గొచ్చని అదే నివేదిక చెప్పింది. అదీ ఎగిరిపోతుంది.

ఇంకొకటి. 2022లో విపత్తుల వల్ల ప్రపంచం మొత్తం మీద 3.26 కోట్ల స్థానభ్రంశాలు అని జెనీవాలోని అంతర్గత స్థానభ్రంశాల పర్యవేక్షణ కేంద్రం లెక్క చెప్పింది. అది తలల లెక్క కాదండీ, కదలికల లెక్క. ఒకే మనిషి ఒకే ఏడాది రెండు తుపాన్లకు రెండుసార్లు షెల్టర్‌కు పోతే రెండు. వారంలో ఇంటికి తిరిగొచ్చినా లెక్కలో ఉంటాడు. పైగా అదీ దేశం లోపలిదే.

దారినపోయే_దానయ్య:
అయితే సరిహద్దు ఎవరూ దాటట్లేదని నిశ్చింతగా పడుకోవచ్చా మాస్టారూ? మరి ఆఫ్రికా పక్కనున్న స్పెయిన్ వాళ్ల కానరీ దీవులకు అన్నేసి పడవలు ఎందుకొస్తున్నట్టో!

వలతాడు:
దానయ్య గారూ, మంచి చోటే పట్టుకున్నారు. చేపల పరిశ్రమ మీద కొన్నాళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

సెనెగల్‌లో సామాన్యుల చేప సార్డినెల్లా. వోలోఫ్ భాషలో యాబోయ్ అంటారు. ముళ్లెక్కువ, ధర తక్కువ, పేదింటి మాంసకృత్తులన్నీ దాన్నుంచే. గత పదిహేనేళ్లలో మారిటానియా, సెనెగల్, గాంబియా తీరాల వెంట చేపల పొడి ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చి చేప కావాలి. ఆ పొడి వేరే ఖండాలకు పెంపకం చేపల మేతగా వెళ్తుంది. తీరంలో చేపలు ఎండబెట్టి, పొగబెట్టి అమ్ముకునే ఆడవాళ్లకు ముందు దెబ్బ తగిలింది, ఫ్యాక్టరీ ఇచ్చే రేటు వాళ్లు ఇవ్వలేరు. దీనికి తోడు విదేశీ ట్రాలర్లు, లైసెన్సు ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. నీళ్లు వేడెక్కుతున్న కొద్దీ చేపల గుంపులు ఉత్తరానికి జరుగుతున్నాయి. స్థానిక పడవలు కూడా లెక్కకు మించి పెరిగాయి, తప్పంతా బయటివాళ్ల మీద తోసేయడానికి లేదు.

ఇప్పుడు పడవ సంగతి. పిరోగ్ అంటారు, రంగులు పూసిన పొడుగాటి చెక్క పడవ. రోజుల తరబడి సముద్రం మీద ఉండే అలవాటు, జీపీఎస్ చూసి నడిపే నేర్పు, ఇంజను మొరాయిస్తే అక్కడికక్కడే విప్పి బాగుచేసుకునే పనితనం, అన్నీ ఆ జాలరికి ఉన్నాయి. లేనిది చేప. ఒకసారి వేటకు పోతే పెట్రోలు ఖర్చు కూడా తిరిగి రాదు. అప్పుడు ఐసు పెట్టెలు పెట్టే చోట మనుషులు కూర్చుంటారు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, దిక్కు మార్చుకోవడమే. అయితే ఆ దూరం దాదాపు 1,500 కిలోమీటర్లు, అట్లాంటిక్ మీద. దారి తప్పిన పడవల గురించి వివరంగా రాయాలని లేదు.

2024లో కానరీ దీవులకు ఇలా చేరినవాళ్లు 46,843 మంది. అందరూ చేపలు పోయి వచ్చినవాళ్లని అనుకోకండి. ఆ ఏడాది మాలి నుంచి వచ్చినవాళ్లు చాలా ఎక్కువ, అక్కడ నడుస్తున్నది యుద్ధం. కాకపోతే వాళ్లను మోసుకొచ్చే పడవలు, వాటిని నడిపే చేతులు చాలావరకు చేపల వేట నుంచి వచ్చినవే.

మేఘన_ఆర్:
వలతాడు గారూ, ఐసు పెట్టెల మాట చదివాక కాసేపు ఏమీ తోచలేదు.

కానీ నా డౌట్ ఇది. ఆ జాలరిని అక్కడి అధికారి "ఎందుకొచ్చావు" అని అడిగితే "పని కోసం" అంటాడు. ఫైల్లో ఆర్థిక వలస అని పడుతుంది. సముద్రం ఖాళీ అయిందన్న సంగతి ఏ గడిలోనూ పడదు. మరి ఇలాంటి వలస ఎంతో లెక్క ఎలా తేలుతుంది? మాస్టారు చెప్పిన లెక్కల్లో సరిహద్దు దాటినవాళ్లు కనపడకపోవడానికి ఇదీ ఒక కారణం కాదా?

లెక్కలమాస్టారు:
ఖచ్చితంగా కారణమే. సర్వేల్లో కూడా "కరవు వల్ల వచ్చాను" అని చెప్పేవాళ్లు తక్కువ, "పంట కలిసి రాలేదు, అప్పులయ్యాయి" అనేవాళ్లు ఎక్కువ. రెండూ ఒకటే కావచ్చు. అందుకే సరిహద్దు దాటిన "పర్యావరణ వలసదారులు" ఇంతమంది అని ఎవరైనా గట్టిగా అంకె చెబితే నేను నమ్మను.

చట్టం_చందు:
మేఘన గారు అడిగిన గడి సంగతి నేను చెబుతాను.

1951 శరణార్థుల ఒప్పందంలో కారణాలు ఐదే ఐదు: జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం. వీటిలో ఒకదాని వల్ల తనను హింసిస్తారన్న భయం ఉండాలి. సముద్రం మతం చూసి ముంచదు, కరవు పార్టీ చూసి రాదు. కాబట్టి ఒట్టి పర్యావరణ కారణంతో వెళ్తే ఆ తలుపు తెరుచుకోదు.

దీన్ని చివరిదాకా లాగి చూసినవాడు పసిఫిక్ దీవుల దేశం కిరిబాటికి చెందిన ఐయోనే తేయ్‌తియోటా. 2007లో న్యూజీలాండ్ వెళ్లాడు, వీసా గడువు దాటిపోయాక శరణు అడిగాడు. తమ తరావా దీవిలో బావి నీళ్లు ఉప్పవుతున్నాయి, ఉన్న కాస్త నేల కోసం కొట్లాటలు జరుగుతున్నాయి, పంట పండట్లేదు అని వాదించాడు. 2015లో అక్కడి సుప్రీంకోర్టు కాదంది, ఆ ఏడాదే వెనక్కి పంపేశారు. ఆయన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్లాడు. 2020 జనవరిలో బయటికొచ్చిన నిర్ణయంలో అక్కడా ఓడిపోయాడు. దీవి నివాసానికి పనికిరాకుండా పోవడానికి 10 నుంచి 15 ఏళ్లు పట్టొచ్చు, ఈలోగా ప్రభుత్వం ఏదైనా చేయడానికి వీలుంది అన్నారు.

మరి దాన్ని ఇంతగా ఎందుకు చెప్పుకుంటారంటే, అదే నిర్ణయంలో ఇంకో మాట ఉంది. వాతావరణ మార్పు వల్ల ప్రాణహక్కుకే ముప్పు వచ్చే పరిస్థితి ఉంటే, ఆ చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న బాధ్యత దేశాల మీద పడొచ్చని. 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయంలోనూ దాదాపు ఇదే ధోరణి కనిపిస్తుంది. ఆ రెంటికీ జైలో జరిమానానో వేసే బలం లేదు, కానీ రేపు ఏ దేశపు కోర్టులోనైనా లాయరు చూపించుకోవడానికి పనికొస్తాయి.

ఆఫ్రికాలో పరిస్థితి కొంచెం వేరు. 1969 నాటి ఆఫ్రికా ఒప్పందంలో "శాంతిభద్రతలను తీవ్రంగా దెబ్బతీసే సంఘటనలు" కూడా కారణంగా ఉంది. 2011లో సోమాలియాలో వానలు లేవు, దానికి తోడు అల్ షబాబ్ అనే సాయుధ ముఠా సహాయ సంస్థలను అడ్డుకుంది, సుమారు 2.6 లక్షల మంది ఆకలికి పోయారు. నడిచి కెన్యా దాదాబ్ శిబిరాలకు చేరినవాళ్లకు అక్కడ చోటు దొరికింది. వాళ్లలో ఎవరు కరవుకు వచ్చారు, ఎవరు తుపాకులకు వచ్చారు అని విడదీయబోతే అయ్యే పని కాదు.

ఎర్రమట్టి:
సిరియా సంగతి ఎవరూ ఎత్తరేం? కరవు వచ్చింది, రైతులు పట్నాలకు పోయారు, తిరుగుబాటు మొదలైంది, లక్షల మంది యూరప్ చేరారు. ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఉంటుందా?

లెక్కలమాస్టారు:
ఎర్రమట్టి గారూ, ఆ కథ అంత నున్నగా ఉండటమే నాకు అనుమానం. 2006 చివర నుంచి కరవు వచ్చిన మాట నిజం. వాతావరణ మార్పు దాన్ని ఇంకా తీవ్రం చేసిందని 2015లో ఒక పేరున్న పరిశోధన చెప్పింది. 2017లో వేరే పరిశోధకులు ఆధారాలు తిరగేసి, 15 లక్షల మంది కదిలారన్న అంకెతో సహా చాలావాటిని ప్రశ్నించారు. 2008లో ప్రభుత్వం డీజిల్ సబ్సిడీ కోసేసింది, బోరు మీద ఆధారపడిన రైతుకు అది కరవుతో సమానం. అంతకుముందు దశాబ్దాల పాటు గోధుమ, పత్తి కోసం భూగర్భ జలాన్ని తోడేశారు. ఆ తర్వాత యూరప్ దాకా నడిపించింది మాత్రం బాంబులు. కరవు పొరుగునున్న జోర్డాన్‌నూ వదల్లేదు, అక్కడ యుద్ధం రాలేదు.

ఎర్రమట్టి:
అంటే కరవుకు పాత్రే లేదంటారా? అలా అంటే ఒప్పుకోను. పట్నాల చివర కొత్తగా వెలిసిన బస్తీలు మాటేంటి?

లెక్కలమాస్టారు:
పాత్ర లేదనలేదండీ. ఎంత పాత్రో తేలలేదు అంటున్నా.

మోడరేటర్:
ఏ మతం వాళ్లు ఎక్కడికి వచ్చారు, ఎవరిని రానివ్వకూడదు అనే దిశలో రాసిన మూడు పోస్టులు తీసేశాం. విషయం మీద ఉండండి.

గట్టుమీద:
మొదటి ప్రశ్నకు అవతలి వైపు ఎవరూ ముట్టుకోలేదు, వెళ్లనివాళ్ల గురించి.

సరిహద్దు దాటాలంటే డబ్బు కావాలి. ఏజెంటుకు ఇవ్వాలి, పాస్‌పోర్టుకు ఇవ్వాలి, అవతల మొదటి నెలలు గడవాలి. నేల నాశనమైతే ముందు పోయేది ఆ డబ్బే. 2016లో కటానియో, పెరి అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చాలా దేశాల సమాచారం మీద తేల్చింది ఇదే. ఉష్ణోగ్రతలు పెరిగిన కొద్దీ మధ్యాదాయ దేశాల నుంచి బయటి వలస పెరిగింది, నిరుపేద దేశాల నుంచి తగ్గింది. అంటే అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నవాడే కదల్లేక కూలబడిపోతాడు. సరిహద్దు దగ్గర కెమెరాకు అతను ఎన్నడూ దొరకడు, అందుకే అతని గురించి చర్చ ఉండదు.

బంగ్లాదేశ్ నైరుతి తీరం చూడండి. 1960లలో ఉప్పునీరు రాకుండా మట్టి గట్లు కట్టి వరి పండించారు. 1980ల నుంచి రొయ్యలకు మంచి ధర రావడంతో, అవే గట్లకు గండి పెట్టి ఉప్పునీటిని లోపలికి వదిలారు. వదిలింది ఎక్కువగా భూమి ఉన్నవాళ్లు, డబ్బున్నవాళ్లు. పక్క చేనుకు ఉప్పు ఊరింది, చెరువు తాగడానికి పనికిరాలేదు, చెట్లు ఎండిపోయాయి, ఆవులకు మేత లేదు. వరి చేలో నాట్లకు, కోతలకు ఎంతోమంది కావాలి. రొయ్యల చెరువుకు ఇద్దరు కాపలా ఉంటే చాలు. భూమి లేని కూలీకి పని పోయింది. వాళ్లలో ఎక్కువమంది ఖుల్నా, ఢాకా పోయారు. కాస్త పొలమో నగో ఉన్నవాడు అది అమ్మి గల్ఫ్‌కో మలేషియాకో వెళ్లాడు, కొందరు కాగితాలు లేకుండా సరిహద్దు దాటారు. ఏమీ లేనివాడు ఆ గట్టు మీదే గుడిసె వేసుకున్నాడు.

2009లో ఐలా తుపాను వచ్చి ఆ గట్లు తెగినప్పుడు ప్రపంచం చూసింది. అంతకుముందు నడిచినదాన్ని చూడలేదు. గ్రే, ముల్లర్ అనేవాళ్లు బంగ్లాదేశ్ మీదే 2012లో చూపించింది కూడా ఈ తీరుకు దగ్గరగా ఉంది. వరద వల్ల శాశ్వతంగా కదిలినవాళ్లు తక్కువ, పంట పోవడం వల్ల కదిలినవాళ్లు ఎక్కువ. నీళ్లు దిగిపోతే ఇల్లు మళ్లీ కట్టుకుంటారు. ఉప్పు దిగదు కదా.

పాతపటం:
గట్టుమీద గారి పోస్టు చదివాక అరల్ సముద్రం గుర్తొచ్చింది. అదీ మనుషులు చేతులారా చేసిందే.

1960లో అది దాదాపు 68,000 చదరపు కిలోమీటర్లు, ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. సోవియట్ కాలంలో పత్తి కోసం అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్లన్నీ కాలువలకు మళ్లించారు. ఉజ్బెకిస్తాన్ వైపున్న మోయ్‌నాక్ రేవు నుంచి నీళ్లు వెనక్కి పోతూ పోతూ వంద కిలోమీటర్లు దాటాయి. అక్కడ పెద్ద చేపల క్యానింగ్ ఫ్యాక్టరీ ఉండేది. దాన్ని మూసేయడానికి మనసొప్పక, వేరే సముద్రాల్లో పట్టి గడ్డకట్టించిన చేపలను అంత దూరం నుంచి తెప్పించి కొన్నేళ్లు నడిపారు! సోవియట్ యూనియన్‌తో పాటే ఆ ఏర్పాటూ కుప్పకూలింది. తర్వాత మిగిలింది ఎండిన అడుగు, దాని మీద నుంచి లేచే ఉప్పు, పురుగుమందులు కలిసిన దుమ్ము.

మోయ్‌నాక్ ఉన్న ఆ కరకల్పాక్‌స్తాన్ ప్రాంతం నుంచి జనం ఎక్కువగా కజకిస్తాన్ వెళ్లారు. అక్కడికే ఎందుకు? భాష దగ్గర, సంపాదన ఎక్కువ. అన్నిటికీ మించి కజకిస్తాన్ 1990ల నుంచి బయటి దేశాల్లో ఉన్న కజక్ జాతివాళ్లను రమ్మని పిలిచి పౌరసత్వం ఇస్తోంది. కరకల్పాక్‌స్తాన్‌లో కజక్‌లు చాలామంది ఉన్నారు. ఒకే దుమ్ము పీల్చినవాళ్లలో కజక్ కుటుంబానికి తేలిగ్గా తలుపు తెరుచుకుంది, పక్కింటి కరకల్పాక్ కుటుంబం కూలి పనులకు పోయి రావాల్సి వచ్చింది. అంటే నేల పాడవడం లేచి పొమ్మంటుందంతే, ఏ దేశానికన్నది ఇలాంటి నిబంధనలే తేలుస్తాయి.

అన్నట్టు, ఉత్తరాన కజకిస్తాన్ వైపు 2005లో కోక్ అరల్ డ్యామ్ పూర్తయింది. ఆ చిన్న భాగంలో నీటి మట్టం లేచింది, ఉప్పు తగ్గింది, చేపలు తిరిగొచ్చాయి, వాటితో పాటు చేపల పనీ వచ్చింది. దక్షిణ భాగానికి ఆ అదృష్టం లేదు.

సముద్రకాకి:
చందు గారు కిరిబాటి చెప్పారు కాబట్టి పసిఫిక్‌లోనే ఉన్న ఇంకో చిన్న దీవుల దేశం తువాలు సంగతి చెప్పి తీరాలి. ప్రస్తుతం ప్రపంచంలో ఇలాంటి వలస గురించి రెండు దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందం ఏదైనా ఉందంటే అదే.

ముందు అక్కడి కష్టం ఎలాంటిదో చూడండి. పగడపు దీవుల్లో నది ఉండదు. వాన నీరు ఇసుకలో ఇంకి, కింది ఉప్పునీటి మీద తేలుతూ పల్చటి పొరలా ఉంటుంది. జనం ఆ పొర తగిలేదాకా గోతులు తవ్వి అందులో పెద్ద చేమ జాతి దుంప పండిస్తారు. పెద్ద పోటు వచ్చి సముద్రం ఒక్కసారి దీవి మీదుగా పారిందంటే ఆ గొయ్యి ఉప్పయిపోతుంది, దుంప కుళ్లిపోతుంది. కొత్త మొక్క పెట్టి ఎదిగేసరికి ఏళ్లు పడుతుంది. దీవి "మునగడానికి" చాలా ముందే బతుకు కష్టమవుతుంది.

ఆస్ట్రేలియా, తువాలు కలిసి 2023 నవంబరులో ఫలేపిలి యూనియన్ ఒప్పందం చేసుకున్నాయి. 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. ఏటా 280 మందికి లాటరీలో శాశ్వత నివాసం. సముద్రం వల్ల నష్టపోయానని రుజువు చూపించక్కర్లేదు, ఉద్యోగం చేతిలో ఉండక్కర్లేదు. 2025లో మొదటి లాటరీకి కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది పేర్లు నమోదయ్యాయి. దేశ జనాభా మొత్తం 11,000 లోపే!

ఈ అంకె చూసి "దేశం ఖాళీ అవుతోంది" అని రాసేశారు. లాటరీకి పేరు ఇవ్వడం, నిజంగా వెళ్లిపోవడం, వెళ్లాక తిరిగి రాకపోవడం మూడూ వేరు. వీసా దగ్గర ఉంచుకుని చదువుకో పనికో వెళ్లొచ్చేవాళ్లూ ఉంటారు. మరోవైపు తువాలు ప్రభుత్వమే రాజధాని ఫునాఫుటిలో 7 హెక్టార్లకు పైగా కొత్త నేల పూడ్చి ఎత్తు పెంచింది. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో వీసా.

మేఘన_ఆర్:
ఉచితంగా ఇచ్చిందా ఆస్ట్రేలియా ఇదంతా?

సముద్రకాకి:
ఉచితమేం కాదండీ. తువాలు వేరే ఏ దేశంతో భద్రతా ఏర్పాటు చేసుకోవాలన్నా ఆస్ట్రేలియాతో ముందు ఒప్పుకోలు కుదరాలి. తువాలులో దాని మీద గట్టి చర్చే జరిగింది. సముద్రం మట్టం పెరిగినా తువాలు దేశంగానే కొనసాగుతుందని కూడా అందులో రాసుకున్నారు, అది మాత్రం చిన్న విషయం కాదు.

దారినపోయే_దానయ్య:
280 అంటే ఓ మోస్తరు పెళ్లికొచ్చే జనం. మిగతా దేశాల వాళ్లకు ఏముంది చందూ గారూ?

చట్టం_చందు:
అతుకుల బొంత. అమెరికా 1998 మిచ్ హరికేన్ తర్వాత హోండురస్, నికరాగువా వాళ్లకు వెనక్కి పంపకుండా తాత్కాలిక రక్షణ ఇచ్చింది. అందులో మెలిక ఏమిటంటే, ప్రకటించే నాటికే అమెరికాలో ఉన్నవాడికి వర్తించింది. హరికేన్‌లో ఇల్లు పోయి తర్వాత బయల్దేరినవాడికి వర్తించలేదు. అర్జెంటీనా 2022లో మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల విపత్తు బాధితుల కోసం ప్రత్యేక వీసా పెట్టింది. న్యూజీలాండ్ 2007 నుంచి పసిఫిక్ దీవులవాళ్లను సీజన్ పనులకు పిలుస్తోంది. అది పర్యావరణం పేరుతో పెట్టింది కాదు, కానీ ఆ కూలి డబ్బుతో ఇంటి దగ్గర నీళ్ల ట్యాంకు, గట్టి కప్పు వస్తే పని జరిగినట్టే.

ఇవన్నీ ఒక్కసారిగా వచ్చే విపత్తును చూసి పెట్టినవో, కూలీల అవసరం చూసి పెట్టినవో. ఏళ్ల తరబడి చౌడుబారే పొలానికి వీసా ఇచ్చే దేశం మాత్రం నాకు కనపడలేదు.

వలతాడు:
వీసాల కంటే ముందు చేపల ఒప్పందాలు చూడమంటాను. పిరోగ్‌లో వచ్చినవాణ్ణి ఆపడానికి గస్తీకి పెట్టే ఖర్చులో కొంత, ఆ తీరంలో దొంగ ట్రాలర్ల మీద గస్తీకి పెట్టరేం?

మేఘన_ఆర్:
రెండూ కావాలి వలతాడు గారూ. రేపటి నుంచి ట్రాలర్లు ఆగినా చేపలు తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా అప్పు తీర్చాల్సిన కుర్రాడు ఆగుతాడా?

వలతాడు:
ఆగడు. అందుకే తిప్పి పంపినవాళ్లు మళ్లీ బయల్దేరుతారు. ప్రయాణానికి చేసిన అప్పు అలాగే ఉంటుంది మరి.

నీటిచుక్క:
అందరికీ థాంక్స్, నేను అడిగినదానికంటే చాలా ఎక్కువ దొరికింది. ఒక్క చివరి ప్రశ్న. చాద్ సరస్సు 90 శాతం ఎండిపోయింది, అందుకే అక్కడి జనం నాలుగు దేశాల్లో చెల్లాచెదురయ్యారని చాలా చోట్ల ఉంది. ఇది కరెక్టేనా?

పాతపటం:
సగమే. 1960లలో దాదాపు 25,000 చదరపు కిలోమీటర్లున్న సరస్సు 1980ల కరవుకల్లా పదో వంతుకు వచ్చిన మాట నిజం. ఇంటర్నెట్‌లో తిరిగే రెండు ఉపగ్రహ చిత్రాలు ఆ కాలానివే. 1990ల నుంచి నీరు కొంత తిరిగి చేరింది, కింద భూగర్భ నిల్వా మెరుగైంది. ఇంకో సంగతి, నీళ్లు వెనక్కి పోయినప్పుడు జనం పారిపోలేదు. తేలిన సారవంతమైన ఒండ్రు నేలలో సాగు చేసుకోవడానికి నీళ్ల వెంటే, సరిహద్దులు చూడకుండా, లోపలికి నడిచారు. నైజీరియా రైతులు కామెరూన్ వైపు నేలలో ఊళ్లు కట్టుకోవడం అలా జరిగిందే. గత పదిహేనేళ్లలో అక్కడి నుంచి పెద్ద ఎత్తున తరిమింది బోకో హరామ్ అనే సాయుధ ముఠా, వాళ్ల మీద నడుస్తున్న సైనిక చర్యలు. ఆ ఫొటోల జత చూపించి వలస గురించి ఎవరైనా చెబుతుంటే, రెండో ఫొటో ఏ సంవత్సరానిదో అడగండి.